తీసేయ్, పడినట్టే

మంగళవారం పొద్దున్న లయనెల్ ట్యాప్‌స్కాట్ టోస్టు మీద రాసుకోవలసిన నారింజ జామ్‌ను పక్కనే పరిచిన హెర్ఫర్డ్‌షైర్ మ్యాపు మీద రాశాడు. రాసిన సంగతి కూడా చూసుకోలేదు. అతని చూపంతా ఎల్మ్‌కోట్ అనే పల్లె మీద ఉంది. అక్కడ గుట్టల మధ్య ఒక చిన్న గోల్ఫ్ మైదానం, దాని గేటుకు ఎదురుగా 'బద్ధకపు కొంగ' అనే సత్రం ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరడం, శనివారం ఆడడం, ఆదివారం భోజనం వేళకు ఇల్లు చేరడం. ప్రణాళిక ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని అతని నమ్మకం.

భార్య హిలరీ మ్యాపు మీది జామ్‌ను కత్తితో గీకి తన టోస్టుకు రాసుకుంది. మందుల షాపు అమ్మేసి ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి లయనెల్ ఒక్క చోట కుదురుగా కూర్చున్నది లేదు. కిందటి నెల వంటింటి సీసాలన్నిటినీ తన షాపులో మందులు సర్దినట్టు సర్దాడు. అప్పట్నుంచి పొయ్యి పక్కన ఉండవలసిన ఉప్పు అటక మీద ఉంటోంది. అందుకే ఈ ప్రయాణం మాట వినగానే హిలరీ మొహం వెలిగిపోయింది. ఇల్లు, తోట, రేడియో, సోఫా మొత్తం రెండు రోజుల పాటు తనవే. అతని బ్యాగు అప్పుడే కిందికి దించి పెట్టేసింది.

"బార్నబీ వస్తానన్నాడా?" అని అడిగింది.

"ఇంకా అడగలేదు."

"మరి పొద్దున్నే లేచి మ్యాపు నాకేస్తున్నావేంటి? ముందు ఫోన్ చెయ్యి."

"అడగడమంటే మాటలా, హిలరీ!"

నిజమే, మాటలు కాదు. బార్నబీ క్రౌచ్, లయనెల్ మీసాలు రాని రోజుల నుంచీ స్నేహితులు. ప్రతి గురువారం సాయంత్రం ఒకే పబ్బులో ఒకే మూల బల్ల దగ్గర కూర్చునేవారు. కిందటి శరత్కాలంలో క్లబ్బు కప్పు సెమీఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. చివరి గుంట దగ్గర బార్నబీ బంతి గుంటకు గరిటె పొడవు దూరంలో ఆగింది. అంత దగ్గరున్న బంతిని కొట్టించడం ఎవరూ చెయ్యరు. "తీసేయ్, పడినట్టే" అంటాడు ఎదుటి ఆటగాడు. బంతి తీసి జేబులో వేసుకుంటాడు ఇవతలివాడు. అదొక మర్యాద. బార్నబీ కూడా ఆ మాట కోసం లయనెల్ వైపు చూశాడు. కానీ గెలవాలన్న ఆశ లయనెల్ చేత ఆ మాట అననివ్వలేదు. అతను గుంట గుర్తుగా పాతిన జెండా కర్రను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ నిలబడిపోయాడు. బార్నబీ కొట్టాడు. బంతి గుంట అంచున ఒక చుట్టు తిరిగి బయటే ఆగిపోయింది.

"బాగా ఆడావు" అని చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు బార్నబీ. ఆ తర్వాత గురువారాలు మానేశాడు. తిట్టలేదు, నిలదీయలేదు. దారిలో ఎదురుపడితే తల ఊపి, చలి గురించి ఒక ముక్క మాట్లాడి పోతాడు. మా విథర్టన్ ఊళ్ళో మనుషుల మధ్య ఇంతకు మించిన యుద్ధం జరగదు. ఫైనల్లో లయనెల్ చిత్తుగా ఓడిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు దీని మీదికి ఇంకో కబురు వచ్చింది. బార్నబీ నది అవతలి క్లబ్బులో చేరడానికి వాకబు చేస్తున్నాడని హిలరీ మాంసం కొట్టు దగ్గర విని వచ్చింది. క్లబ్బు మారాడంటే ఇక మనిషి చేజారినట్టే. ఆ తల ఊపడం కూడా మిగలదు. అది విన్న దగ్గర్నుంచి లయనెల్‌కు తిన్నది ఒంటికి పట్టడం లేదు.

"ఇంటికెళ్ళి, 'తప్పయిందోయ్, మనసులో పెట్టుకోకు' అని చెప్పెయ్. రెండు నిమిషాల పని" అంది హిలరీ.

నడిబజార్లో చొక్కా విప్పమన్నట్టు చూశాడు లయనెల్.

అతని ఉపాయం వేరు. ఎవరూ తెలియని చోట, తామిద్దరే ఆడుకోవాలి. ఎప్పుడో ఒకప్పుడు బార్నబీ బంతి గుంట పక్కన ఆగుతుంది. అప్పుడు తను స్పష్టంగా, నవ్వు మొహంతో "తీసేయ్, పడినట్టే" అంటాడు. బార్నబీకి అర్థమైపోతుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే అంతా చెప్పుకున్నట్టవుతుంది. దీనికోసం వారం నుంచి బాత్రూం అద్దం ముందు సాధన కూడా చేస్తున్నాడు. నిన్న హిలరీ బయట నిలబడి, "లోపల ఎవర్ని ఏం తీసేయమంటున్నావ్?" అని తలుపు కొట్టింది.

ఆఖరికి ఫోన్ చేశాడు. అవతల బార్నబీ గొంతు సవరించుకుని, "శనివారమా... ఊఁ, కుదరకపోవడానికేముందిలే" అన్నాడు. బార్నబీ నోట ఆ మాటంటే ఎగిరి గంతేసినట్టే లెక్క. లయనెల్ ఫోన్ పెట్టేసి హిలరీని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుని, ఆ సంతోషం ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియక పెద్ద కత్తెర తీసుకుని పక్కింటి వైపు ఉన్న మొక్కల కంచె కత్తిరించడానికి పరిగెత్తాడు.

అసలు చిక్కంతా ఆ కంచె దగ్గరే మొదలైంది.

కంచె అవతల ఆస్‌గుడ్ ఉంటాడు. పోయిన చలికాలం యార్క్‌షైర్ నుంచి వచ్చి ఆ ఇల్లు కొనుక్కున్నాడు. ఎద్దులాంటి మనిషి, గొంతు కూడా అలాంటిదే.

"ఏంటండీ లయనెల్ గారూ, పాటలు పాడుతున్నారు?"

"ఏం లేదండీ. శుక్రవారం నేనూ మా స్నేహితుడూ ఎల్మ్‌కోట్ వెళ్తున్నాం, గోల్ఫ్ ఆడ్డానికి."

"గోల్ఫా! నాకూ పిచ్చండీ అదంటే."

"ఓహో! అయితే మీరూ ఎప్పుడైనా మాతో తప్పకుండా రావాలి" అన్నాడు లయనెల్, కత్తెర ఆపకుండా.

ఈ మాట మేము రోజూ ఎవరో ఒకరితో అంటూనే ఉంటాం. 'ఇక సెలవు' అనడానికి అది ఇంకో పద్ధతి. విన్నవాడు "అయ్యో, తప్పకుండా" అంటాడు, ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. నాకు తెలిసి ఈ పిలుపు అందుకుని ఇంతవరకు ఎవరూ ఎక్కడికీ వెళ్ళింది లేదు. కానీ ఆస్‌గుడ్ యార్క్‌షైర్ మనిషి. నోటితో అన్నమాటకు అర్థం ఉంటుందని అక్కడివాళ్ళు ఇప్పటికీ నమ్ముతారు.

"ఎన్నింటికి బయల్దేరదాం?" అని అడిగాడు ఆస్‌గుడ్.

కత్తెర అదుపు తప్పి కంచెలో తలకాయ పట్టేంత కన్నం పెట్టింది.

పిలిచిన మనిషిని రావద్దనడం మా దగ్గర హత్య కంటే కాస్త పెద్ద నేరం. లయనెల్ ఇంట్లోకి వచ్చి హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు తిరగడం మొదలుపెట్టాడు. ముగ్గురైతే ఎలా? ఆ మనిషి ఎదుట ఆ మాట ఎలా అనడం? మర్నాడు పొద్దున్నే కంచె దగ్గరకు వెళ్ళి, ఎంతో బాధపడుతున్న మొహం పెట్టి, సత్రం నిండిపోయిందట, ఒక్క గది కూడా లేదట అని చెప్పాడు. గండం గడిచిందనుకుని టీ తాగుతుండగా కంచె కన్నంలో ఆస్‌గుడ్ మొహం ప్రత్యక్షమైంది.

"శుభవార్తండోయ్! నేనే సత్రానికి ఫోన్ చేశాను. గదులు బోలెడున్నాయి. మీకెవరో తప్పు చెప్పారు. ఆ ఫోనెత్తినావిడకి నాలుగు చివాట్లు కూడా పెట్టాను, పెద్దమనిషికి అబద్ధం చెప్తావా అని."

"మీకెందుకండీ అంత శ్రమ!" అన్నాడు లయనెల్ నీరసంగా.

గురువారం పొద్దున్న లయనెల్ ఇంకో ఎత్తు వేశాడు. ఆస్‌గుడ్ తన పెరట్లో మట్టి తప్ప ఏమీ పెంచడని అతను గమనించాడు. కన్నంలోంచి తల పెట్టి, "ఒక చిన్న మార్పండీ. గోల్ఫ్ మానుకున్నాం. ఆడవాళ్ళని తీసుకుని తోటలు చూడ్డానికి వెళ్తున్నాం. ఒకటే గులాబీలూ, గులాబీల పేర్లూ. మీకు బొత్తిగా తోచదేమో" అన్నాడు.

ఆస్‌గుడ్ ఒక్క క్షణం ఆలోచించాడు. వెనక్కి తిరిగి, "ప్రూడెన్స్! తోటలట!" అని కేక వేశాడు. ఇంట్లోంచి ఆయన భార్య ఆనందంతో పెట్టిన అరుపుకు కంచె మీది పిచ్చుకలన్నీ లేచిపోయాయి.

ఈ వార్త హిలరీకి చెప్పడం లయనెల్ బతుకులో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఆమె అప్పుడే సోఫా పక్కన నాలుగు పుస్తకాలు, ఒక చాక్లెట్ డబ్బా పెట్టుకుని, కిటికీ వైపు దిండు సర్దుకుంటోంది.

"నేనెక్కడికీ రాను" అంది.

"నువ్వు రాకపోతే తోటలకి ఎవర్ని తీసుకెళ్ళినట్టు?"

"తోటలున్నాయని ఎవరన్నారు?"

"నేనే."

"అయితే నువ్వే గులాబీలా టోపీ పెట్టుకుని నిలబడు, వాళ్ళు చూసి పోతారు!" అని దిండు విసిరింది. "నావి రెండంటే రెండు రోజులు, లయనెల్! పెళ్ళైన దగ్గర్నుంచి నిన్ను ఒక్క గౌను, ఒక్క నగ అడిగానా?" అని సాధించే తరహా మనిషి కాదు హిలరీ. తలుపు మెల్లగా వేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అంత మెల్లగా వేసిన తలుపును చూసి లయనెల్ కింద పడిన దిండు తీసి ఎంతో జాగ్రత్తగా సోఫా మీద సర్దాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. బార్నబీ.

"పోస్టాఫీసులో మీ పక్కింటావిడ కనబడిందోయ్. జంటలుగా తోటలకి వెళ్తున్నారటగా. మంచిదే. ఒంటిగాణ్ణి, మీ మధ్యలో నేనెందుకులే. ఇంకోసారి చూద్దాం."

'ఇంకోసారి' అంటే ఏమిటో లయనెల్‌కు తెలుసు. దానికి తేదీ ఉండదు. అతను ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వీధిలోకి ఉరికాడు. చర్చి దాటి, మాంసం కొట్టు దాటి, రొప్పుతూ బార్నబీ ఇంటి తలుపు బాదాడు. బార్నబీ తలుపు తీసి ముందు చెప్పుల వైపు, తర్వాత మనిషి వైపు చూశాడు.

"చలిగా ఉంది కదూ" అన్నాడు మర్యాదగా.

"గోల్ఫ్ ఉంది బార్నబీ! గోల్ఫ్ కోసమే వెళ్తున్నాం. తోటలు ఆడవాళ్ళకి. ఆస్‌గుడ్ సంగతే..." లయనెల్‌కు ఊపిరందలేదు. బుర్ర కూడా అందలేదు. ముప్పొద్దులా మందులమ్మిన నోటికి అలవాటైన మాట అదంతట అదే బయటికొచ్చింది. "ఆయనకి గుండె బాలేదు. గాలి మార్పు కావాలన్నారట డాక్టర్లు. వస్తానంటే వద్దనలేకపోయాను."

బార్నబీ మొహం ఒక్కసారిగా మెత్తబడింది. "అయ్యో పాపం! అంత దిట్టంగా కనబడతాడు. ఆయనకి తెలుసా?"

"పూర్తిగా తెలీదు. నువ్వు పైకి అనకు."

"ఛ, ఎందుకంటాను? అయితే నేను రావాల్సిందే. ఆయన్ని చూసుకోవడం నీ ఒక్కడివల్ల ఎక్కడవుతుంది?"

ఆ విధంగా శుక్రవారం మధ్యాహ్నం బద్ధకపు కొంగ పెరట్లో మూడు కార్లు ఆగాయి. రానన్న హిలరీ కూడా తన పుస్తకాలూ, చాక్లెట్ డబ్బా, దిండూ పట్టుకుని మొహం ముడుచుకునే దిగింది. బార్నబీ తన కారులోంచి గోల్ఫ్ కర్రల సంచి దించుతుంటే ఆస్‌గుడ్ చూడనే చూశాడు.

"అరె, తోటలన్నారు?"

"తోటలూ ఉన్నాయి, గోల్ఫూ ఉంది" అన్నాడు లయనెల్, ఎటూ చూడకుండా.

"చెప్పరేమండీ మరి! నా కర్రలు ఎప్పుడూ కార్లోనే ఉంటాయి!" ఆస్‌గుడ్ మురిసిపోతూ తన సంచి లాగబోయాడు. బార్నబీ ఒక్క దూకున వెళ్ళి దాన్ని అందుకున్నాడు.

"మీరు బరువులెత్తకండి. నేనున్నాగా."

"ఏం, నాకేమైంది?"

"ఏమీ కాలేదు, ఏమీ కాలేదు" అంటూ ఆయన మోచెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆపుతూ పైగది దాకా నడిపించాడు బార్నబీ. ఇక్కడివాళ్ళు ఇంత మర్యాదస్తులని యార్క్‌షైర్‌లో ఎవరూ చెప్పలేదే అనుకున్నాడు ఆస్‌గుడ్.

రాత్రి భోజనాల దగ్గర సంగతి ఇంకాస్త ముదిరింది. ఆస్‌గుడ్ ముందు గొర్రె మాంసం, బంగాళాదుంపలు పొగలు కక్కుతున్నాయి. బార్నబీ ఆయనకు వినబడకుండా ప్రూడెన్స్ వైపు వంగి, "మీరేం దిగులు పెట్టుకోకండమ్మా. రేపు మేం కనిపెట్టుకుని ఉంటాం. గుట్టలెక్కనివ్వం" అన్నాడు.

ప్రూడెన్స్ చేతిలో ఫోర్కు జారిపోయింది. ఆమె చప్పుడు చెయ్యకుండా లేచి, భర్త ముందున్న పళ్ళెం తీసి పక్క బల్ల మీద పెట్టి, ఉడికించిన బఠాణీల గిన్నె ఆయన ముందుకు జరిపింది.

"నా మాంసం ఏదీ?" అన్నాడు ఆస్‌గుడ్.

"ముందు నా దగ్గర ఏం దాస్తున్నావో చెప్పు."

"ఏం దాచాను?"

"నా కళ్ళలోకి చూసి చెప్పు. ఊళ్ళో అందరికీ తెలిసి నాకే తెలీదా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆస్‌గుడ్ ఆమె వైపు, బఠాణీల వైపు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఆయన భుజాలు జారిపోయాయి. "సరే! మీ అమ్మ గడియారం పగలగొట్టింది పిల్లి కాదు, నేనే! ఇన్నాళ్ళూ పాపం ఆ పిల్లిని తిట్టుకున్నావ్. ఇక చాలు, పళ్ళెం ఇటివ్వు!"

లయనెల్ తన రుమాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. హిలరీ ఒక్కతే, ఇంటి దగ్గరుంటే ఈ సరదా తప్పిపోయేది కదా అన్నట్టు, రెండోసారి బంగాళాదుంపలు వడ్డించుకుంది.

మర్నాడు పొద్దున్న మెట్ల దగ్గర ప్రూడెన్స్ హిలరీని పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి హిలరీకి ఇక దాచే ఓపిక లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది: సెమీఫైనల్, గరిటె దూరం, కంచె, సత్రం, తోట, గుండె. ప్రూడెన్స్ కళ్ళు తుడుచుకుని వెళ్ళి, బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న భర్తకు అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆస్‌గుడ్ విని తాళ్ళు బిగించి కట్టుకున్నాడు. కిందికి దిగి సాసేజీలు మూడు మారులు పెట్టించుకుని తిన్నాడు. గడియారం సంగతి పొరపాటున చెప్పేసుకున్నందుకు మాత్రం లోపల్లోపల ఉడికిపోయాడు.

ఇదేమీ లయనెల్‌కు తెలియదు. అతని ఆశంతా ఇంకా ఆ ఒక్క బంతి మీదే ఉంది. తీరా మైదానంలోకి అడుగు పెట్టగానే ఆస్‌గుడ్ చేతులు నలుపుకుంటూ, "ముగ్గురున్నాం, జోడీలు కుదరవు. ఎవరి దెబ్బలు వాళ్ళు లెక్కపెట్టుకుందాం. మొత్తం మీద ఎవరు తక్కువ కొడితే వాళ్ళది గెలుపు" అన్నాడు.

లయనెల్ ఉపాయం అక్కడే నీరుగారిపోయింది. ఆ ఆటలో ప్రతి బంతీ గుంటలో పడి తీరాలి. 'పడినట్టే' అనే మర్యాదకు అందులో చోటు లేదు. చేత్తో బంతి తీసినవాడు ఆటలోంచే పోతాడు. "ఊరికే సరదాగా ఆడుకుందామండీ, పద్ధతులెందుకు?" అని గొణిగాడు. "పద్ధతి లేకపోతే అది ఆటెలా అవుతుందండీ?" అన్నాడు ఆస్‌గుడ్.

ఆట నత్తనడకన సాగింది. ఆస్‌గుడ్ ప్రతి దెబ్బకు ముందు గాలిలో నాలుగైదు సార్లు కర్ర తిప్పి, గడ్డి పీకి ఎగరేసి, మళ్ళీ మొదటికొస్తాడు. చిన్న మిట్ట కనబడితే చాలు, బార్నబీ వచ్చి "కాసేపు కూర్చోండి, తొందరేం లేదు" అని ఆయన్ని రాయి మీద కూర్చోబెడతాడు. ఆస్‌గుడ్ బుద్ధిగా కూర్చుంటాడు. లయనెల్ మాత్రం వాళ్ళ చుట్టూ తిరుగుతూ, గడియారం చూసుకుంటూ, టోపీ తీసి పెట్టుకుంటూ, పెట్టుకుని తీస్తూ ఉన్నాడు.

బార్నబీ బంతి గుంట దగ్గర ఆగకా పోలేదు. రెండు మూడుసార్లు ఆగింది. కానీ లయనెల్ నోరు తెరిచేలోపే బార్నబీ గబగబా వెళ్ళి, ఎవరి వైపూ చూడకుండా, బంతిని టక్కున గుంటలోకి తోసేశాడు. ఒకప్పుడు ఆ మాట కోసం తల తిప్పి చూసే మనిషి. ఇప్పుడు ఎవరి మర్యాదకూ ఆగడం లేదు. అది చూసి లయనెల్ మనసు చివుక్కుమంది. తను పోగొట్టింది కప్పూ కాదు, ఆటా కాదు, ఆ తల తిప్పి చూడడం అని అప్పుడు అర్థమైంది. కళ్ళు చెమర్చాయి. పూల పుప్పొడి పడదని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

చివరి గుంటకు వచ్చేసరికి బార్నబీ అందరికంటే ముందున్నాడు. ఆ ఒక్క బంతీ పడితే గెలుపు అతనిదే. అతను దూరం నుంచి కొట్టిన బంతి మెల్లగా దొర్లి, దొర్లి, గుంటకు సరిగ్గా గరిటె పొడవు దూరంలో ఆగింది. బార్నబీ ఎప్పటిలాగే తల వంచుకుని గబగబా దాని దగ్గరకు నడిచాడు.

"తీసేయ్!" అని అరిచాడు లయనెల్.

అద్దం ముందు చేసిన సాధనంతా ఏమైపోయిందో, అది కొట్టుకుపోతున్న మనిషి పెట్టిన కేకలా వచ్చింది. పక్క పొలంలో గొర్రెలు మేత ఆపాయి. బార్నబీ కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"పడినట్టే, బార్నబీ. తీసేయ్" అన్నాడు లయనెల్ ఈసారి మెల్లగా.

"కుదరదండీ" అన్నాడు ఆస్‌గుడ్. "దెబ్బల లెక్కలో అది చెల్లదు. కొట్టాల్సిందే."

"నేను ఒప్పుకుంటున్నాను కదండీ!"

"మీరు ఒప్పుకుంటే సరిపోదు. పద్ధతి ఒప్పుకోవాలి."

"ఆ పద్ధతిని తీసుకెళ్ళి నదిలో కలపండి! అతను తీస్తాడు, అంతే!"

ఆస్‌గుడ్ తన కర్రను నేలకు ఆనించి, రెండు చేతులూ దాని మీద పెట్టి నిలబడ్డాడు. "చూడండి లయనెల్ గారూ. సత్రం నిండిందన్నారు. తోటలన్నారు. రాయిలాంటి నా గుండెకి జబ్బు అంటగట్టి, నాకు బఠాణీలు తినిపించారు. రాత్రంతా నా పెళ్ళాం ఏడిచింది. గడియారం కూడా బయటపడింది. ఇదంతా దేనికట? ఈయనతో ఒక్క ముక్క చెప్పలేక! నా గుండె భేషుగ్గా ఉంది గానీ, ముందు మీ కడుపులో మాట బయటికి కక్కండి. ఆయనిక్కడే ఉన్నాడు. నోరుంది. చెప్పండి!"

లయనెల్ మొహం తెల్లబోయింది. పెదవులు కదిలాయి. అతను జెండా కర్ర వైపు చూడబోయి, ఆ చూపును బలవంతాన లాక్కుని బార్నబీ వైపే నిలబెట్టాడు.

బార్నబీ కూడా అతని వైపే చూస్తున్నాడు. సత్రం, తోట, గుండె. ఇంట్లో చెప్పులతో వీధిలో పరిగెత్తుకొచ్చిన మనిషి. అవన్నీ ఒకదాని పక్కన ఒకటి అతని మొహంలో సర్దుకోవడం కనబడింది. చేతిలో గెలుపు ఉంది, కాళ్ళ దగ్గర బంతి ఉంది, ఎదురుగా పాత స్నేహితుడు చెమటలు కక్కుతూ నలుగురి ముందు ఆ మాట అనబోతున్నాడు. ఇక ఒక్క క్షణం ఆలస్యమైతే నిజంగానే అనేసేలా ఉన్నాడు.

బార్నబీ వంగి బంతి తీసి జేబులో వేసుకున్నాడు.

"వాన వచ్చేట్టుందోయ్" అన్నాడు.

లయనెల్‌కు ఊపిరి తిరిగి వచ్చింది. "అవును. గట్టిగానే వచ్చేట్టుంది" అన్నాడు, తన కర్రల సంచి భుజాన వేసుకుంటూ.

ఆస్‌గుడ్ తలెత్తి చూశాడు. ఆకాశం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంది. "ఎక్కడండీ వాన?" అన్నాడు. వాళ్ళిద్దరూ అప్పటికే భుజాలు రాసుకుంటూ సత్రం వైపు నడుస్తున్నారు. ఆస్‌గుడ్‌కు వానయితే దొరకలేదు గానీ ఇంకో సంగతి తట్టింది. "ఏమండోయ్! ఆయన బంతి తీసేశాడు, మీరేమో అసలు పూర్తే చెయ్యలేదు! అంటే నేను గెలిచినట్టేగా!" అని వెనక నుంచి కేక వేసి, తన బంతిని ఎంతో శ్రద్ధగా నాలుగు దెబ్బల్లో గుంటలో పడేశాడు.

"గురువారాలు ఆ మూల బల్ల ఇంకా ఉందా?" అని అడుగుతున్నాడు బార్నబీ.

"ఉంది. ఒక కాలే కుదురుగా ఉండడం లేదు."

"నీకు తగ్గదే. అన్నట్టు అవతలి క్లబ్బు చూసొచ్చాను. గడ్డి బాలేదు."

లయనెల్‌కు అక్కడే గడ్డి మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడవాలనిపించింది. మరీ బావుండదని బూటు తాడు కట్టుకునే వంకతో వంగి, ఆ పని చాలాసేపు చేశాడు. బార్నబీ ఏమీ ఎరగనట్టు గొర్రెలను చూస్తూ ఆగాడు.

ఆదివారం భోజనం వేళకు మూడు కార్లూ లయనెల్ వీధిలో వచ్చి ఆగాయి. హిలరీ, ప్రూడెన్స్ ఈపాటికి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. చాక్లెట్ డబ్బా, నాలుగు పుస్తకాలు, దిండు పట్టుకుని హిలరీ నేరుగా పక్కింట్లోకి వెళ్ళిపోయింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. గడియారం విషయంలో పిల్లికి క్షమాపణ చెప్పాల్సిన బాధ్యత ఆస్‌గుడ్ మీద ఉందని మాత్రం దారిలోనే తేలింది. ఆయన దానికి ఒప్పుకున్నాడు కూడా. నోటితో చెప్పడానికి ఆయనకేం భయం?

బార్నబీ ఇంటికి బయల్దేరుతూ కారు అద్దం దించాడు. మనసు తేలికపడిన మనిషికి ఎవర్ని చూసినా ప్రేమ పొంగుతుంది. "ఆస్‌గుడ్ గారూ, మీతో ఆడడం చాలా సంతోషమండీ. మీరు మళ్ళీ ఎప్పుడైనా మాతో తప్పకుండా రావాలి" అన్నాడు.

ఆస్‌గుడ్ చేతిలోని పెట్టె కింద పెట్టాడు.

"ఎప్పుడు?"

బార్నబీ, లయనెల్ ఒకేసారి తలెత్తి ఆకాశం వైపు చూశారు. ఎక్కడా ఒక్క మబ్బు లేదు.